గుమ్మం పన్ను

మా పిన్నిని వీధిలో అందరూ ఆరాలక్క అనేవాళ్ళు. ఎదుట కాదు, వెనక. ఎదుటపడితే మాత్రం "రండి, కూర్చోండి" అనేవాళ్ళు, ఎందుకంటే ఆవిడ సంచిలో ఉండేవి సర్కారు కాగితాలు. ఇల్లిల్లూ తిరిగి ఎవరికెంత రాబడి, ఎవరికెంత ఖర్చు అని అడిగి రాసుకోవడం ఆవిడ ఉద్యోగం. ఉద్యోగమంటే నెల జీతం అనుకునేరు. నింపి తెచ్చిన కాగితానికి ఇంత అని ఇస్తారు. నింపని కాగితానికి చిల్లిగవ్వ రాదు. ఈ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను, తర్వాత మీరు నన్ను తప్పుపట్టకుండా.

మా బాబాయి లారీ మెకానిక్. ఒకరోజు లారీ కింద పడుకుని పని చేస్తుంటే జాకీ జారింది. పిన్నికి పిల్లలు లేరు. పదో తరగతి చదువు ఉంది, ఎవరి ముందూ చెయ్యి చాచని పొగరు ఉంది. డబ్బు అడగనని పంతం పట్టిన మనిషికి ఊరందరినీ డబ్బు గురించే అడిగే పని దొరికింది. రాత అంటే అదే కాబోలు.

ఆవిడ మా ఇంటి వెనక గదిలో ఉండేది. ముందుగది మా అమ్మది. పిన్నికి సొంత అక్క మా అమ్మ. ఆ గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని వీధి మొత్తానికీ బట్టలు కుట్టేది. ముందుగదికి వీధిలోకి వేరే గుమ్మం ఉండేది. గిరాకీ అంతా ఆ గుమ్మంలోంచే. కొలతలివ్వడానికి వచ్చిన వాళ్ళు గుమ్మంలోనే కూర్చుని గంటసేపు కబుర్లు చెప్పేవాళ్ళు, అమ్మ పెడలు తొక్కుతూ ఊఁ కొట్టేది. నాన్న పోయాక మమ్మల్ని పోషించింది ఆ గుమ్మమే. అమ్మ కాదా అంటే, అమ్మే. కానీ అమ్మ కూడా అలాగే చెప్పేది.

మీ రాబడెంత అంటే నిజం చెప్పేవాడు ఇంకా పుట్టలేదు. లేనివాడు ఉన్నట్టు చెప్తాడు, ఉన్నవాడు లేనట్టు ఏడుస్తాడు. అందుకని పిన్ని ఆ ప్రశ్న ఆఖరికి ఉంచేది. ముందు ఒక ప్రశ్న వేసేది. ఆ ప్రశ్న సర్కారు కాగితంలో లేదు, ఆవిడ సొంతం.

"డబ్బు చేతికి రావడం ఆలస్యమైతే మీ ఇంట్లో మొదట ఏది ఆపుతారు?"

ఆ మాటకి మనుషులు మెత్తబడేవాళ్ళు. ఒకరు పాలు అనేవారు. ఒకరు బస్సు ఆపి నడుస్తామనేవారు. నాన్న మందుబిళ్ళలు అని చెప్పి తల దించుకున్న కొడుకు ఒకడున్నాడట. ఎవరో మాత్రం చెప్పలేదు. ఒకసారి మా ఇల్లు కూడా వాళ్ళ జాబితాలో వచ్చింది. పిన్ని సంచి తగిలించుకుని వెనక గదిలోంచి ముందుగదిలోకి వచ్చి, పరాయి ఇంటికి వచ్చినట్టే కూర్చుని, అమ్మని అదే ప్రశ్న అడిగింది.

"లైటు," అంది అమ్మ. "కరెంటు బిల్లుకి భయపడి చీకటి పడగానే మిషన్ ఆపేస్తాను. మిషన్ ఆపితే డబ్బు ఇంకా ఆలస్యమవుతుంది. అది కూడా రాసుకోవే చెల్లీ."

మధ్య గదిలో చదువుకుంటూ విన్నాను కాబట్టి నాకు తెలిసింది. పిన్ని నోట ఆ మాట మళ్ళీ వినలేదు. విన్నది బయటపెట్టనని పనిలో చేరిన రోజున సంతకం పెట్టింది. పెట్టిందంటే పెట్టింది. నోట్లో నువ్వుగింజ నానని మా వీధిలో ఆవిడ ఒక్కతే మినహాయింపు. అప్పులిచ్చేవాళ్ళు, ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళు వచ్చి ఫలానా వాడికి వస్తున్నదెంత అని నెమ్మదిగా లాగబోయేవాళ్ళు. "నాకు మతిమరుపండీ," అనేది పిన్ని. ఊళ్ళో ఆవిడంత జ్ఞాపకశక్తి ఎవరికీ లేదు.

ఆ పనికి ఒక నియమం ఉంది. తలుపు తట్టాలి. తీయకపోతే ఇంకోరోజు వెళ్ళాలి, మళ్ళీ వెళ్ళాలి. మూడోసారి కూడా తీయకపోతే పక్క గుమ్మంలో ఎవరుంటే వాళ్ళని రాసుకోవచ్చు. వినడానికి సబబుగానే ఉంది కదా. మా వీధిలో ఆ నియమంతో పనే లేదు, మా తలుపులు అసలు మూసి ఉంటే కదా. ఆ అవసరం పడేది ఊరికి అవతలి కొసన, పెద్ద గేట్ల వీధిలో. అక్కడ గోడలు మనిషికి రెండింతలు. బెల్లు నొక్కితే లోపల ఎక్కడో మోగుతుంది, ఎవరూ రారు. గేటును ఆనుకుని లోపల ఒక చిన్న గది, అందులో వాచ్‌మన్. చివరి బంగళా దగ్గర ఉండే ముసలి వాచ్‌మన్‌ని పిన్ని గేటు తాత అనేది.

"అయ్యగారు లేరమ్మా," అనేవాడు గేటు తాత మొదటిసారి. "అమ్మగారు పడుకున్నారమ్మా," రెండోసారి. మూడోసారి ఆయనకే జాలి వేసేది. "ఎందుకమ్మా మీకీ తిప్పలు. నన్ను రాసుకోండి. పక్క గుమ్మం నాదే కదా."

పిన్ని రాసుకునేది. ఆవిడే కాదు, ఆ వీధికి వెళ్ళిన వాళ్ళందరూ అలాగే చేసేవాళ్ళు.

నేను కాలేజీలో చేరిన ఏడు మున్సిపాలిటీ వాళ్ళు కొత్త మురుగు కాలువల కోసం ఒక పన్ను వేశారు. వీధిలోకి తెరుచుకునే గుమ్మానికి ఇంత అని. గుమ్మం ఒకటైతే ఒక పన్ను, రెండైతే రెండు. జనం దానికి గుమ్మం పన్ను అని పేరు పెట్టారు. మాకు రెండు గుమ్మాలు, ఒకటి ఇంట్లోకి, ఒకటి ముందుగదిలోకి. పెద్ద గేట్ల వీధిలో ఎంత బంగళాకైనా గేటు ఒకటే. అంటే రెండు కార్లు పక్కపక్కన పట్టే గేటుకి ఒక పన్ను, మా అమ్మ కుట్టుమిషన్ ఉన్న గుమ్మానికి, ఆవిడ చెప్పులు విడిచే గుమ్మానికి కలిపి రెండు. ఎవరి బుర్రలో పుట్టిందోగానీ ఆ బుర్రకి దండం పెట్టాలి.

జనం గోల చేస్తే బడి హాల్లో మీటింగు పెట్టారు. మున్సిపాలిటీ లెక్కల ఆఫీసరు వేదికెక్కాడు. మర్యాదస్తుడే, గొంతు కూడా పెంచలేదు.

"మన ఊళ్ళో వీధికీ వీధికీ రాబడిలో పెద్ద తేడా లేదని సర్వే చెబుతోందండి. పెద్ద గేట్ల వీధిలో ఇంటి రాబడి మీకంటే కొంచెమే ఎక్కువ. తేడా లేనప్పుడు అందరికీ ఒకే రేటు ఉండటమే న్యాయం. వచ్చే సర్వేలో తేడా కనిపిస్తే రేటు మళ్ళీ చూస్తాం."

మా పక్కింటి మంగలి లేచి నిలబడ్డాడు. "తేడా లేదంటున్నారు కాబట్టి రేపటినుంచి ఇళ్ళు మార్చుకుందామండి. వాళ్ళకి చెప్పండి, సామాను మేమే మోస్తాం."

హాలంతా నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. పిన్ని నవ్వలేదు. ఆవిడ మొహం చూస్తే ఒంట్లో బాగా లేదేమో అనుకున్నాను.

ఇంటికి నడిచి వస్తుంటే దారిలో ఆగిపోయింది. "అక్కా, అవి వాచ్‌మన్ల జీతాలే," అంది.

"ఏవి?"

"ఆ ఆఫీసరు చదివిన అంకెలు. ఆ వీధిలో ఎవరూ గేటు తీయరు. మేమందరం వాచ్‌మన్లని రాసుకున్నాం. పెద్ద గేట్ల వీధి రాబడి అంటే అక్కడి వాచ్‌మన్ల రాబడి. అందుకే మనకంటే కొంచెమే ఎక్కువ. ఒక్కళ్ళమూ నియమం తప్పలేదు. అందరం కలిసి ఉన్నవాళ్ళని మాయం చేశాం."

అమ్మ మా వీధి మలుపు తిరిగాక అంది. "అయితే నా గుమ్మం మీద పన్ను వేసింది నువ్వేనన్నమాట."

పిన్ని కాదనలేదు. కాదంటే బాగుండుననిపించింది నాకు. నియమం ఎవరో పెట్టారు, పన్ను ఎవరో వేశారు, మధ్యలో పిన్ని చేసిందేమిటని అమ్మ మీద కోపం కూడా వచ్చింది. కానీ రెండో గుమ్మం పన్ను కట్టే తాహతు అమ్మకి లేదు, ఆ కోపం ఎక్కడో ఒకచోట దించుకోవాలి. దగ్గరగా ఉన్నవాళ్ళ మీదే దించుకుంటాం ఎవరమైనా. ఆ రోజు నుంచి అమ్మ పిన్నిని చెల్లీ అని పిలవడం మానేసింది. "ఇదిగో," అనేది, "చూడు," అనేది, అంతే.

ఆ నెలాఖరుకి తాపీమేస్త్రి వచ్చాడు. ముందుగది తలుపు ఊడదీసి గుమ్మానికి ఇటుకలు పేర్చాడు. పిన్ని ఎవరూ అడగకుండానే ఇటుకలు మోసింది. ఆ ఏడు మా వీధిలో అలా చాలా గుమ్మాలు మూసుకుపోయాయి. మంగలి షాపు ఇంట్లోకి పోయింది, సోడాల కొట్టు కిటికీలోకి పోయింది. నడిచి వెళ్తుంటే కొత్త సిమెంటు మచ్చలు కనిపించేవి, ఇళ్ళకి కళ్ళు మూసినట్టు.

బట్టలు కుట్టించుకునే వాళ్ళు ఇంటి గుమ్మంలోంచి వంటగది దాటి రావలసి వచ్చేది. కొన్నాళ్ళు వచ్చారు. పొయ్యి పక్కన నిలబడి కొలతలివ్వడం ఎవరికి మాత్రం బాగుంటుంది? మానేశారు. అమ్మ బజార్లో ఒక బట్టల షాపుకి ముక్కకింత లెక్కన కుట్టడం మొదలుపెట్టింది. ముందుగదిలో పగలు కూడా చీకటే.

తర్వాతి సర్వేకి పెద్ద గేట్ల వీధి మళ్ళీ పిన్నికే వచ్చింది. ఏం జరిగిందో గేటు తాతే తర్వాత నాకు చెప్పాడు.

"ఈసారి నా జీతం పెరిగిందమ్మా, రాసుకోండి, మీకూ ముచ్చటగా ఉంటుంది అన్నాను. వద్దు తాతా, వాళ్ళది వాళ్ళే చెప్పాలి అంది. వాళ్ళు చెప్పరమ్మా అన్నాను. అయితే చెప్పలేదనే రాస్తాను అంది. ఎండలో నిలబడి ఉందమ్మా, నేను కుర్చీ ఇస్తే కూడా కూర్చోలేదు."

ఆ వీధి కాగితాలన్నీ పిన్ని ఖాళీగానే తెచ్చి సూపర్‌వైజరు బల్ల మీద పెట్టింది. ఆయన చెడ్డవాడు కాదు. తలుపు వేసి, కూర్చోబెట్టి మాట్లాడాడట.

"ఇది కొత్త సంగతి కాదమ్మా. ఉన్నవాళ్ళు తలుపు తీయరు. ఎక్కడికి పోయినా మా వాళ్ళు మొత్తుకునేది ఇదే. కానీ ఖాళీ కాగితాన్ని ఏ కూడికలో వెయ్యమంటారు?"

"కూడికలో వెయ్యొద్దు సార్. ఖాళీ అని పైకి చెప్పండి."

"ఖాళీ అంటే పని చేయలేదని పైవాళ్ళ అర్థం."

"చేశాను సార్. చెప్పులరిగేలా తిరిగాను."

ఆయన నిట్టూర్చి ఆ వీధిని ఇంకొకరికిచ్చాడు. ఆ ఇంకొకరు వాచ్‌మన్లని రాసుకొచ్చారు. తేడా కనిపించలేదు, గుమ్మం పన్ను అలాగే ఉండిపోయింది. పిన్నిని ఎవరూ పొమ్మనలేదు. ఆ తర్వాత సర్వేకి రమ్మనలేదు, అంతే. కూడు పోగొట్టే పద్ధతుల్లో ఇది మర్యాదైన పద్ధతి.

రెండేళ్ళు ఆ పనీ ఈ పనీ చేసింది. ఈలోగా గేటు తాతకి మోకాళ్ళు పట్టేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ, తన బదులు పిన్నిని పెట్టుకోమని లోపల చెప్పాడు. వచ్చేవాళ్ళ పేర్లు అడిగి రాయాలి, లోపలికి ఫోన్ చేసి కనుక్కోవాలి, వాళ్ళు సరేనంటేనే గేటు తీయాలి. అడిగి రాయడంలో ఆవిడకి సాటెవరు? నాకు ఒళ్ళు మండింది.

"నిన్ను అన్నాళ్ళు ఎండలో నిలబెట్టిన వాళ్ళ దగ్గరా పిన్నీ?"

"వాళ్ళు నన్ను నిలబెట్టలేదే. వాళ్ళసలు నన్ను చూడనే లేదు," అంది. "పైగా కడుపుకి కోపం తెలియదు."

ఆ గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, గోడకి తాళాల గుత్తి. సెలవు రోజుల్లో నేను వెళ్ళి కూర్చునేదాన్ని. అలా కూర్చున్న ఒకరోజు ఒక అమ్మాయి సంచి తగిలించుకుని గేటు దగ్గరికి వచ్చింది. నా ఈడు పిల్ల. చెమటకి మొహం జిడ్డుగా ఉంది. ఆ సంచి చూడగానే నాకు అర్థమైంది. పిన్నికి ఎప్పుడో అర్థమై ఉంటుంది, ఆ పిల్ల రావడం అది మూడోసారి. ముందు రెండుసార్లూ పిన్ని లోపలికి ఫోన్ చేసింది. పనిమనిషి ఎత్తి, ఇప్పుడు కుదరదని పెట్టేసింది. ఇప్పుడూ అదే అయింది.

ఆ పిల్ల గేటు ఊచలు పట్టుకుని నిలబడింది. "పోనీ మిమ్మల్ని రాసుకోనాండీ? పక్క గుమ్మమే కదా. నియమం ఒప్పుకుంటుంది."

పిన్ని పేర్లు రాసే పుస్తకం మూసింది. "ఆ నియమం నీకంటే ముందు నేను మోశానమ్మా," అంది. "నా జీతం రాస్తే ఈ ఇంటి రాబడి అవుతుందా?"

"ఇది ఒక్కటీ నిండితే నా వీధి పూర్తవుతుందండి. లేకపోతే మొత్తం డబ్బు ఆపేస్తారు."

"ఆపితే మీ ఇంట్లో మొదట ఏది ఆగుతుంది?"

ఆ పిల్ల తెల్లబోయి చూసింది. ఎవరూ తనని అలా అడిగి ఉండరు. "తమ్ముడి ఫీజండీ," అంది మెల్లగా.

పిన్ని లేచి గోడ మీది తాళాలు తీసుకుంది. "పిన్నీ, ఫోన్ చెయ్యకుండా తీస్తే ఉద్యోగం పోతుంది," అన్నాను.

"పోనీవే," అంది. గేటు తీసింది.

ఆ గేటు తెరుచుకుంటే అంత చప్పుడవుతుందని నాకు తెలియదు. ముగ్గురం తోట దాటి వరండా దాకా వెళ్ళాం. తెల్లజుట్టు పెద్దాయన పేపరు చదువుతున్నాడు. పక్కన ఆయన భార్య. పిన్ని మెట్టు కిందే ఆగి చెప్పింది.

"సర్వే వాళ్ళండి. చాలా ఏళ్ళుగా గేటు దగ్గరనుంచే వెనక్కి పోతున్నారు. ఇవాళ నేనే తీసుకొచ్చాను. తప్పయితే నాది."

నేను పెద్ద గొడవకి సిద్ధపడి ఉన్నాను. ఆయన కళ్ళజోడు తీసి మా ముగ్గురినీ చూశాడు. "ఏళ్ళుగానా? నాకెవరూ చెప్పలేదే," అన్నాడు. అబద్ధం ఆడుతున్నట్టు లేదు. నా కోపానికి నిలబడే చోటు లేకుండా పోయింది. అమ్మ గుమ్మం మూసుకుపోయింది, పిన్ని కూడు పోయింది, ఇన్నేళ్ళూ ఈయన పేపరు చదువుకుంటున్నాడు. ఆయనకి తెలియకపోవడమే నాకు అన్నిటికంటే ఎక్కువ మండింది. ఇప్పటికీ మండుతుంది.

"చెప్పింది బయటికి పోదు కదా?" అని అడిగాడాయన.

"పోదండి," అని పిన్ని, ఆ పిల్ల ఒక్కసారే అన్నారు.

ఆ పిల్ల కాగితం తీసింది. పిన్ని ఉండబట్టలేక తన పాత ప్రశ్న అడిగేసింది. "డబ్బు రావడం ఆలస్యమైతే ఇంట్లో మొదట ఏది ఆపుతారండి?"

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ నిజంగానే ఆలోచించింది, పాపం. "ఆలస్యమంటే?" అంది.

పిన్ని ఆ జవాబు విని తల ఊపింది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు గేటు దగ్గరికి వెళ్ళు," అంది. అంకెలు మొదలయ్యే ముందు పరాయివాళ్ళు ఉండకూడదు. అప్పుడు ఆ తోటలో పరాయిదాన్ని నేనొక్కదాన్నే. వెళ్ళిపోయాను.

నెల తిరక్కుండా పిన్నిని మానిపించారు. మర్యాదగానే, జీతం మొత్తం ఇచ్చి. ఆ ఇంటి అంకె చూసి ఆఫీసులో సున్నాలు పొరపాటున ఎక్కువ పడ్డాయనుకున్నారట. సూపర్‌వైజరు స్వయంగా ఆ గేటు దాకా వెళ్ళి సరిచూసుకున్నాడు. పొరపాటు కాదు. ఆయనే పట్టుబట్టి పక్క గేట్లు కూడా కొట్టాడు. ఒకటి తెరుచుకుంటే పక్కదానికి మొహమాటం పుడుతుంది కాబోలు, ఇంకో రెండు తెరుచుకున్నాయి. మిగతావాటికి, మొట్టమొదటిసారి, జవాబు రాలేదు అని రాశారు. ఊళ్ళో తేడా లేదని ఆ తర్వాత ఏ ఆఫీసరూ వేదికెక్కి చెప్పలేకపోయాడు. ఇంకో రెండేళ్ళు నాన్చి, గుమ్మాన్ని వదిలేసి స్థలం విస్తీర్ణం మీద పన్ను మార్చారు. మా వాటా సగానికి సగం తగ్గింది.

అదే మేస్త్రి వచ్చి ఇటుకలు ఊడదీశాడు. ముందుగది నిండా ధూళి. తలుపు పాతదే, అటక మీద దాచి ఉంచింది అమ్మ. అది బిగించేసరికి సాయంత్రమైంది. అమ్మ మిషన్ తుడిచి మళ్ళీ గుమ్మం పక్కకి లాక్కుంది. మూసిన గదిలో ఇన్నేళ్ళు కుట్టి ఆవిడ చూపు మందగించింది. పన్ను తగ్గించిన వాళ్ళు అది తిరిగి ఇవ్వలేరు.

పిన్ని గుమ్మంలో కూర్చుని ఉంది. అమ్మ తల ఎత్తకుండానే అడిగింది. "ఇంతకీ ఎంతట వాళ్ళ రాబడి?"

"చెప్పకూడదక్కా."

"నా గుమ్మం మూతపడింది. నాకు చెప్పొచ్చు."

పిన్ని వీధిలోకి చూస్తూ అంది. "డబ్బు ఆలస్యమైతే ఏది ఆపుతావో నువ్వొకసారి నాకు చెప్పావు, గుర్తుందా? నువ్వు నాతో సరిగ్గా మాట్లాడని ఇన్నేళ్ళలో కూడా అది నేనెవరికీ చెప్పలేదు. వాళ్ళదీ అంతే."

అమ్మ చేతులు ఆగాయి. సూది ఒక చేతిలో, దారం ఒక చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. బయట చీకటి పడుతోంది.

"అయితే ఆ లైటు వెయ్యవే చెల్లీ," అంది. "దారం కనిపించడం లేదు."

పిన్ని లేచి లైటు వేసి, సూది తన చేతిలోకి తీసుకుంది.